గడువు తేది



గార్ల రైలుస్టేషనులో తెల్లవాఱిన వేళ నిలిచి చూచినవారికి ఒక దృశ్యము చిరపరిచితమై యుండును. ప్యాసింజరు బండి వచ్చి నిలుచునంతలోనే, భుజమున పుస్తకముల సంచియు, చేతిలో సద్ది డబ్బాయు పట్టుకొని, చుట్టుప్రక్కల పల్లెలనుండియు తండాలనుండియు ఆటోలలో వచ్చి దిగిన పిల్లలు గుంపులు గుంపులుగా పెట్టెలలోని కెక్కుదురు. కొందఱు మహబూబాబాదులో దిగుదురు; కొందఱు ఎదురు దిక్కున డోర్నకలు మీదుగా ఖమ్మము పోవుదురు; వరంగల్లు దాక సాగువారును లేకపోలేదు. కళాశాలలో ముప్పది యేండ్లు పాఠము చెప్పి విశ్రాంతి పొందిన నాకు ఆ ప్లాట్‌ఫారము మీద ఒక బెంచి అలవాటయిపోయినది. అచ్చట కూర్చుండి, ఎవరు వచ్చిరో కాదు, ఎవరు రాలేదో చూచుట నా చాదస్తము. జ్వరము తగిలి మానినవాడు నాలుగవనాడు మరల కనబడును. అక్క పెండ్లికి పోయినవాడు వారము దాటిన పిదప కొత్త చొక్కా తొడిగికొని, కొంచెము సిగ్గుపడుచు వచ్చును. పరీక్షారుసుము కట్టవలసిన వారములో కనబడకుండ పోయినవాడు మాత్రము తఱచుగా ఇక రాడు.

నేటి నా ప్రసంగము ఆ రానివానిని గూర్చి.

అనుకొనని ఆపద వచ్చిపడిన విద్యార్థికి అప్పటికప్పుడు అందవలసిన ధనసాహాయ్యమును మనవారు ఉపకారవేతనముతో కలిపి ఒకే గాట కట్టి మాటలాడుచుందురు. ఈ రెండును ఒకటి కావు. ఉపకారవేతనము ఏడాది పొడవునకును లెక్కగట్టి, ఆదాయ ధ్రువీకరణపత్రము, కుల ధ్రువీకరణపత్రము, ఆధారు, బ్యాంకు ఖాతా, హాజరు శాతము అన్నియు సరిచూచిన పిమ్మట మెల్లగా వచ్చు కాలువ నీరు వంటిది. చేనికి అది కావలసినదే, దానిని తక్కువచేసి మాటలాడుట నా ఉద్దేశము కాదు. ఆపత్సాహాయ్యమో, నారుమడి ఎండిపోవుచుండగా ఎవరో బిందెతో తెచ్చి పోసిన నీరు. అది ఈ దినమే కావలెను. ఎల్లుండి వచ్చినచో ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వించిన సామెతయే యగును. ఎంత మొత్తమన్నది ఇచ్చట రెండవ ప్రశ్న. ఏ తేదికి అన్నదే మొదటి ప్రశ్న.

టంగుటూరి ప్రకాశము పంతులుగారు తమ ఆత్మకథయైన 'నా జీవితయాత్ర'లో చెప్పిన ఘట్టము తెలుగువారిలో అనేకులకు తెలిసినదే. 1872లో జన్మించిన ఆయన పదునొకండవ యేట తండ్రిని పోగొట్టుకొనెను. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడపి బిడ్డలను పోషించుకొనెను. అట్టి యింటిలో మిడిలు స్కూలు పరీక్షకు కట్టవలసిన మూడు రూపాయలు కఱవై, బాలుడు తిరిగి తిరిగి వట్టిచేతులతో నిలువగా, తల్లి తన పట్టుబట్టను తాకట్టుపెట్టి ఆ రుసుమును కట్టించెను. పిదప ఆయన చదువునకు అండయై, రాజమహేంద్రవరమునకు వెంట తీసికొనిపోయినవారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు అను ఉపాధ్యాయులు. ఆ బాలుడు బారిష్టరయి, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి యయ్యెను గనుక ఆ మూడు రూపాయల కథ గ్రంథస్థమై మనదాక వచ్చినది. ముఖ్యమంత్రులు కాని లక్షలమంది మూడు రూపాయలను వ్రాసిన చరిత్రకారుడెవడు? అదియును గాక, ఆ తల్లియొద్ద తాకట్టు పెట్టుటకు ఒక పట్టుబట్ట యుండెను. మా వైపు తాకట్టు అనరు, కుదువ అందురు. తండాతల్లి వెండికడియములు కుదువకు పోయినపుడు నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ పడును. ఆనాడు పరీక్షకు మూడు రూపాయలు, ఈనాడు వడ్డీకి మూడు రూపాయలు! ఆ కడియములైనను మిరప ధర పడిపోయిన యేటనే దుకాణము చేరియుండును.

పూర్వము ఈ అక్కఱను తీర్చిన ఏర్పాట్లు మన దేశమున లేకపోలేదు. వారములు చేసికొని చదువుకొనుట అను మాటను నేటి పిల్లలకు వివరింపవలసి వచ్చుచున్నది: వారమునకు ఏడు దినములు, ఏడిండ్లు, సోమవారము కరణముగారింట, మంగళవారము వకీలుగారింట భోజనము, ఏ యింటి యిల్లాలైనను పుట్టింటికి పోయినచో ఆ దినము విద్యార్థికి ఏకాదశియే. ఎందఱో పండితులు అట్లు పైకి వచ్చినవారే గాని, ఆ విస్తరి అన్ని కులముల బిడ్డలకును వేయబడలేదన్న సత్యమును మఱుగుపఱచుట న్యాయము కాదు. హైదరాబాదులో 1918లో వెలసిన రెడ్డి వసతిగృహమును, భాగ్యరెడ్డివర్మగారు ఆదిహిందువుల బిడ్డలకొఱకు పెట్టిన పాఠశాలలును ఆ లోటును తమ తమ మేర పూరించినవి. తండా వైపు చదువు నడచివచ్చుటకు ఇంకను చాల కాలము పట్టినది.

ఆపద యన్నది దారిద్ర్యరూపముననే రానక్కఱలేదు. 1938లో నిజాము రాష్ట్రమున, వందేమాతరము పాడినందులకు ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండియు, దానితో చేరిన కళాశాలలనుండియు విద్యార్థులు వందలకొలది బహిష్కృతులైరి. హాస్టలు పోయెను, అన్నము పోయెను, చదువు గాలిలో దీపమయ్యెను. అపుడు నాగపురి విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా నుండిన కేదారుగారు వారికి తలుపు తెఱచిరి. మా వరంగల్లు సీమ బిడ్డయైన పి. వి. నరసింహారావుగారును ఆ విధముగా నాగపురి చేరినవారిలో నొకరు. నాగపురివారు ఈ పిల్లల కిచ్చినది మొదట ధనము కాదు, తరగతిలో చోటు. సాహాయ్యమన్నది ఎల్లపుడును రూపాయలలోనే యుండునని మనము భ్రమపడుదుము. ఒక్కొకప్పుడు అది ఒక సీటు, ఒక సంతకము, లేక ఒక వారము గడువు పొడిగింపు.

దూరదేశము పోవువానికి ఊతయైనదియు ఒక్కొకప్పుడు ఒక మాట మాత్రమే. వైద్యపరిశోధకులైన యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల తొలినాళ్లలో బోస్టను చేరినపుడు ఆయన వెనుక నున్నవి మామగారు కూడబెట్టి యిచ్చిన పైకమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారు తోడ్పడుదుమని యిచ్చిన మాటయును. నాయకరుగారు రంగూనులో ఆర్జించిన ధనము ఎన్నడును తాను చూడని విద్యార్థికి సముద్రముమీద దారి యయ్యెను. అది చాలక సుబ్బారావుగారు రాత్రులయందు ఆసుపత్రిలో పోర్టరుపని చేసిరి. నేడు అమెరికాలో చదువు మన పిల్లలకు కళాశాల ఆవరణ వెలుపల పని చేయుటకు తేలికగా అనుమతి లేదు గనుక, ఆపద వచ్చిననాడు అచ్చటి తెలుగువారి సంఘమైన తానావారి టీమ్ స్క్వేర్ వంటి బృందములే బంధువులగుచున్నవి. గార్లనుండి అంత దూరము పోయినవారు నా యెఱుకలో కొందఱే. నా దృష్టి ఖమ్మము దాక పోవలసినవారి మీదనే యున్నది.

2016 వఱకు ఖమ్మము జిల్లాలో నుండి పిమ్మట మహబూబాబాదు జిల్లాలో చేరిన మా గార్లలో బ్రదుకు పత్తిమీద, మిరపమీద, వరిమీద, వీటన్నింటికిని పైన వానమీద నడచును. కాకతీయులనాటి పాకాల చెఱువు వైపునుండి వచ్చు ఏఱు పొంగినచో రాంపురము దారి మునుగును. అవతలి ఊళ్ల పిల్లలకు ఆ నాలుగు దినములు కళాశాల లేనట్లే. 2021-22 నాటి పంటకాలమున నల్ల తామరపురుగు మిరపతోటలమీద పడి పూతను పూతగానే మాడ్చివేసినపుడు, మందు కొట్టినకొలదియు అప్పు పెరిగినదే గాని పురుగు తగ్గలేదు. 2024 సెప్టెంబరు మొదటి దినమున వచ్చిన వఱదకు ఇంటికన్నె, కేసముద్రముల నడుమ పట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయి, ఉక్కుపట్టాలు గాలిలో ఉట్టివలె వ్రేలాడినవి, బండ్లు నిలిచినవి. ఖమ్మములో మున్నేటి ఒడ్డు ఇండ్లలో బియ్యపు డ్రమ్ములతోపాటు పుస్తకములును, ధ్రువపత్రములును నానిపోయినవి. ప్రభుత్వము ఇంటికి పదివేల రూపాయలు తక్షణ సాహాయ్యము ప్రకటించెను. బురద కడిగిన యింటిలో ఆ పదివేలు మొదట పొయ్యికి పోవునా, పుస్తకమునకు పోవునా? తల్లిని అడిగినచో ఆమె సమాధానము చెప్పక చీపురు పట్టుకొనును.

పథకములు లేవా యని అడుగువారున్నారు. ఉన్నవి. ఉమ్మడి రాష్ట్రమున 2008లో ఆరంభమైన ఫీజు రీయింబర్సుమెంటు లేకుండెనేని మా తండాలనుండి ఇంతమంది ఇంజనీర్లు వచ్చియుండరు. ఈ మాటను నేను ఏ వేదికమీదనైనను చెప్పుదును. కాని ఆ ధనము ప్రభుత్వమునుండి కళాశాలకు పోవునది. బకాయి పడినపుడు యాజమాన్యము ప్రభుత్వమును పట్టుకొనలేదు గనుక ఎదుట నిలిచిన పిల్లవానిని పట్టుకొనును: ముందు నీవు కట్టుము, సర్కారు ఇచ్చినపుడు నీకు తిరిగి యిత్తుము, అంతవఱకు సర్టిఫికెట్లు మాయొద్ద ఉండనిమ్ము. అసలు ధ్రువపత్రములను విద్యాసంస్థలు అట్టిపెట్టుకొనరాదని యూజీసీ 2018లోనే ఆదేశించినది. ఆ ఆదేశమును చేతబట్టుకొని కార్యాలయపు కిటికీ యెదుట వాదింపగల గుండె పంతొమ్మిదేండ్ల పిల్లకు ఎక్కడనుండి వచ్చును? 2018 ఆగస్టునుండి తెలంగాణములో అమలగుచున్న రైతుబీమా నిజముగా ఆపత్సాహాయ్యమన దగినది. పదునెనిమిది మొదలు ఏబదితొమ్మిదేండ్ల వయసులో రైతు మరణించినచో ఆ యింటికి 5 లక్షల రూపాయలు దినములలో చేరునట్లు దానిని కూర్చిరి. అయితే అది పాసుపుస్తకమును చూచును గాని నాగలిని చూడదు. కౌలురైతు పోయిన యింటికి అది రాదు. తల్లిదండ్రులను కోల్పోయినవారికి ఏటేట 50,000 రూపాయలిచ్చు స్వనాథ్ ఉపకారవేతనము సాంకేతిక విద్య చదువువారిది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పూచీకత్తు లేకుండ ఋణమిప్పించును. అదియు ర్యాంకులలో మేలైన విద్యాసంస్థలలో చేరినవారికి. ఊరికి దగ్గఱ కళాశాలలో బీఏ చదువుచున్న కౌలురైతు బిడ్డ ఈ మూడింటిలో దేనిలోను ఇమడదు.

అట్టి బిడ్డ నొకతెను నేనెఱుగుదును. పేరు చెప్పను, ఊరును చెప్పను. తామరపురుగు వచ్చిన యేట ఆమె డిగ్రీ రెండవ సంవత్సరము. తండ్రి మూడెకరములు కౌలుకు పట్టి మిరప వేసెను. మందుల దుకాణములో బాకీ, కౌలు బాకీ, వాటిపైన సంక్రాంతి దాటగానే అతనికి పక్షవాతము. ఖమ్మములో పది దినములు దవాఖాన. ఆ పిల్ల మొదటి వరుసలో కూర్చుండెడిది. నోట్సు వ్రాయుచుండగా రీఫిల్లు అయిపోయినచో ప్రక్కపిల్లను అడుగక, పెన్నును రెండుసార్లు అరచేతిమీద గీచి చూచి, తల వంచుకొని, వ్రాయుచున్నట్లే కదలక కూర్చుండెడిది. అది నేను రెండు మూడు పర్యాయములు చూచితిని. చూచి, పాఠము సాగించితిని.

నేనప్పుడు పనిచేయుచుండిన కళాశాలలో పేద విద్యార్థుల నిధి యుండెను. బ్యాంకులో నిలువయు నుండెను. అది కావలసినవారు దరఖాస్తు పెట్టవలెను. దానిమీద తరగతి అధ్యాపకుని సంతకము, శాఖాధిపతి సిఫారసు, ఆదాయపత్రపు నకలు. అటుపై సమితి సమావేశము. సమితికి సభ్యులు ముగ్గురు, ముగ్గురిలో నేనొకడను. పరీక్షారుసుమునకు ఆఖరు తేది శుక్రవారము. మా సమావేశము తరువాతి మంగళవారము జరిగినది. అందులో మేము టీ త్రాగి, వచ్చిన రెండు దరఖాస్తులను ఆమోదించి, నిధి సద్వినియోగమగుచున్నదని మినిట్సు పుస్తకములో వ్రాసి సంతకములు చేసితిమి. ఆమె దరఖాస్తు అందులో లేదు. ఆమె పెట్టనే లేదు. కట్టవలసినది వేయి రూపాయలకు లోపు. తరువాత నేను విచారించినపుడు గుమాస్తా చెప్పిన మాటలు ఇప్పటికిని నా చెవిలో నున్నవి.

"శుక్రారం నాలుగు గంటలదాక కిటికీ కాడ్నే నిలబడ్డది సార్. రేపు కట్టొచ్చా సార్ అని అడిగింది. రేపైతే అపరాధ రుసుముతోని కట్టాలమ్మా అన్న. మంచిది సార్ అని పోయింది."

ఆ వేసవిలో ఆమె ఖమ్మములో ఒక బట్టల దుకాణమున పనికి కుదిరినదని విన్నాను. అదే ఉదయపు బండిలో, అదే ప్లాట్‌ఫారము మీదినుండియే పోవుచుండెను. సంచిలో పుస్తకములు లేవు, సద్ది డబ్బా మాత్రము ఉండెను. ఒకనాడు నన్ను చూచి నమస్కారము పెట్టినది. నేను ఏదో అడుగబోయి, బండి కదలుచున్నదని ఊరకుంటిని. బండి కదలుటకు ఇంకను రెండు నిమిషములుండెను.

ఆ పిమ్మట మేము చేసినది గొప్ప పని యేమియు కాదు. నిధిని దాని దారిన దానిని ఉండనిచ్చి, అధ్యాపకులలో ఇష్టమున్నవారు నెలకు రెండువందల చొప్పున ఆ గుమాస్తాయొద్ద వేయసాగితిమి. ఏలయనగా, ఎవరికి ఆపద వచ్చినదో కళాశాలలో మొదట తెలియునది ప్రిన్సిపాలునకు కాదు, అధ్యాపకునకు కాదు, రుసుము కట్టించుకొను కిటికీ వెనుక కూర్చున్నవానికి. ఆఖరు తేదికి రెండు దినములు ముందుగా అతడు కట్టనివారి జాబితా వ్రాసి యిచ్చును. మేము పంచుకొని ఫోన్లు చేయుదుము. ఫోను కలియనిచో ఊరికి పోవుదుము. మఱచిపోయినవారు కొందఱు, సోమరులు కొందఱు, వారికి చీవాట్లు. నిజముగా లేనివారి రుసుము అదే గంటలో కట్టబడును. దరఖాస్తు లేదు. ఎఱ్ఱ అట్ట పుస్తకములో పేరు వ్రాయము. హాల్‌టికెట్టు నంబరు, మొత్తము, తేది, అంతే. తిరిగి యిచ్చిన యెడల ప్రక్కన ఒక చుక్క పెట్టుదుము, ఇవ్వకున్నచో ఆ గడి ఖాళీగానే యుండును. 'అబద్ధములాడి తీసికొందురు కదా' యని ఒక మిత్రుడు వాదించెను. తీసికొన్నవారును ఉన్నారు, ఒకడు మా సొమ్ముతో ఫోను రీచార్జి చేసికొన్నాడని మాకు తెలియకపోలేదు. ఎన్నియేండ్లు లెక్కించినను ఆ నష్టము పూర్వపు సమితి టీ ఖర్చును మించలేదు.

చెప్పవలసిన మాట మఱొకటి యున్నది. మనవైపు దానమునకు ఫోటో అంటుకొనియున్నది. వేదికమీద పిల్లను నిలువబెట్టి, శాలువ కప్పుకొన్న పెద్దమనిషి అట్టతో చేసిన పెద్ద చెక్కును ఆమె చేతిలో పెట్టి, ఆమె కన్న ఎక్కువగా కెమెరాను చూచును. మఱునాడు ఆ బొమ్మ వార్తాపత్రిక జిల్లా పుటలో వచ్చును. తరగతిలోని అరువదిమందియు చూతురు. ఆ సంగతి తెలిసిన పిల్ల, పెన్నులో రీఫిల్లు అడుగజాలని పిల్ల, ఆ వేదిక యెక్కునా?

మా యెఱ్ఱ అట్ట పుస్తకము లోకములో ఎక్కడను లేని వింత యని నేను కొంతకాలము లోలోపల మురిసియుంటిని. అమెరికాలో అట్లాంటా నగరపు జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయమువారు 2011 నుండి ఇదే పని పెద్ద ఎత్తున చేయుచున్నారని చదివినప్పుడు ఆ గర్వము పోయి, దాని స్థానమున ధైర్యము వచ్చినది. చదువు ముగియవచ్చిన దశలో, కొన్ని వందల డాలర్ల బాకీ నిలిచిపోయి తరగతులనుండి తొలగింపబడుచున్న విద్యార్థులను వారు లెక్కల పుస్తకములో తామే వెదకి, విద్యార్థి చేయి చాపకమున్నే బాకీ తీర్చి, తరగతిలో కూర్చుండబెట్టుచున్నారు. మహమ్మారి వచ్చిన 2020లో ఆ దేశపు ప్రభుత్వము ఉన్నతవిద్యాసంస్థలకు ఆపత్కాలనిధి నిచ్చినపుడు, సూత్రము ప్రకారము పంచిన మొత్తములో సగమునకు తక్కువ కాకుండ విద్యార్థుల చేతికే చేరవలెనని చట్టములోనే వ్రాసినది. వారిది సంపన్న దేశము, వారి లెక్కలు వేఱు. అయినను కిటికీ వెనుక కూర్చున్నవానికే మొదట తెలియునన్న సంగతి అట్లాంటాలోను గార్లలోను ఒకటియే కాబోలు.

ఈ ప్రసంగపు కాగితములను నిన్న సాయంకాలము సరిచూచుకొనుచుండగా గుమాస్తా ఫోను చేసెను. ఆయనకును విశ్రాంతి కాలము దగ్గఱపడినది; గొంతులో మాత్రము కిటికీనాటి తొందర పోలేదు.

"సార్, ఇంక పదకొండుమంది కట్టలే. ఎల్లుండే ఆఖరు. అందుల నలుగురు మన గార్ల బండి పిల్లలే."

ఆ నలుగురిలో ఇద్దఱు ఈ ఉదయము బండి యెక్కుట చూచి, పిలిచి మాటలాడితిని. తక్కిన యిద్దఱును ఒకే తండావారు, ఫోన్లు పలుకుటలేదు. ఏటి ఆవలి తండా అది, నీరు ఇప్పుడు మోకాలిలోతే నని ఆటోవాడు చెప్పినాడు. రేపు ఉదయము ఏడింటికి రమ్మన్నాను.